ముప్ఫై మూడు డిగ్రీల దేదీప్య

ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు మధ్యలో ఆపేసి వెళ్ళిపోయినా ఫర్వాలేదు. నేను తొమ్మిది నెలలపాటు రోజుకొకటి చొప్పున రెండు వందల డెబ్భై టీబీ టాబ్లెట్లు వేసుకున్నానని మా యూనివర్సిటీ హెల్త్ సెంటర్ సర్టిఫికెట్ ఇచ్చింది. నేను వేసుకున్నవి ఎనిమిది. మిగతావన్నీ నెలనెలా అపార్ట్‌మెంట్ వెనక చెత్త డంప్‌స్టర్‌లోకి పోయాయి.

అదొక్కటే అయితే ఇంత కథ లేదు. వేసుకోని మందు గురించి, వేసుకున్నదానిలాగా ఇంకొకళ్ళకి సలహా ఇచ్చాను. అదీ సంగతి.

టీబీ అనగానే కుర్చీ వెనక్కి జరుపుకోకండి. నాకు టీబీ లేదు. ఇండియా నుంచి అమెరికాకి ఎమ్మెస్ చేయడానికి వచ్చినవాళ్ళకి ఈ తతంగం తెలిసే ఉంటుంది. చేరగానే చేతికి చిన్న సూది గుచ్చుతారు. రెండు రోజుల తర్వాత చూస్తే అక్కడ రూపాయి బిళ్ళంత వాపు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నాం, అందుకే వాచిందని మనం అంటాం. కావచ్చు, కాకపోవచ్చు అని వాళ్ళంటారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి. అయినా లోపలెక్కడో క్రిములు నిద్రపోతూ ఉండొచ్చు, తొమ్మిది నెలలు ఈ ఐఎన్‌హెచ్ మాత్ర వేసుకో, లేదంటే వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ కాకుండా హోల్డ్ పెడతాం అంటారు.

"తీసుకో, థాంక్యూ చెప్పు, పడెయ్" అన్నాడు వినీత్. నాకు సీనియర్, కారున్న ఏకైక స్నేహితుడు, కాబట్టి అన్ని సబ్జెక్టుల్లోనూ నిపుణుడు. నెలకోసారి కొత్త సీసా కోసం వెళ్తే నర్స్ అడుగుతుంది. వాంతులా? నీరసమా? కళ్ళు పచ్చబడ్డాయా? అన్నింటికీ నో చెప్పాలట. "ఒక్క యెస్ అన్నావా, మళ్ళీ ఒకటో నెల నుంచి మొదలెడతారు. హోల్డ్ కూడా పడుద్ది." ఇది నిజమేనా అని ఎవరూ హెల్త్ సెంటర్‌ని అడగలేదు. పాత సాఫ్ట్‌వేర్ కోడ్‌లో ఎవరో రాసిన లైన్ ఎందుకుందో తెలియకపోయినా ముట్టుకోం చూడండి, అలాగ.

దేదీప్య 2011 జనవరిలో వచ్చి నా రూమ్మేట్ అయింది. హన్మకొండ పిల్ల. హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చింది కాబట్టి వయసులో నాకంటే ఏడాది పెద్ద, చదువులో ఏడాది వెనక. అక్కా చెల్లీ గొడవ లేకుండా ఒసేయ్ అంటే ఒసేయ్ అనుకునేవాళ్ళం. సిన్సియర్ మనిషి. అపార్ట్‌మెంట్ లీజు పద్దెనిమిది పేజీలూ చదివి సంతకం పెట్టిన మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు. దాని చెయ్యీ వాచింది. ఫిబ్రవరి రెండున మొదటి సీసాతో ఇంటికొచ్చింది.

"నువ్వు మొత్తం వాడినవ్ గదా. ఎట్లుంటది?" అని అడిగింది.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ అది ఆ సీసా మీద కాగితాన్ని విప్పి, చిన్నక్షరాల్ని వేలు పెట్టి మరీ చదువుతోంది. అలాంటి మనిషి ముందు డంప్‌స్టర్ మాట నోట రాలేదు. "మొదట్లో కొంచెం తిప్పినట్టుంటుంది. రెండు వారాల్లో అదే పోతుంది" అన్నాను. ఆ ముక్క కూడా వినీత్ ఎవరి దగ్గరో విన్నదే.

మూడున్నర నెలలు ఏమీ కాలేదు. మే నెలాఖర్లో, కచ్చితంగా చెప్పాలంటే ఇరవై మూడు, సోమవారం, నేను పప్పుకి తిరగమోత పెడుతుంటే అది బాత్రూమ్‌లోకి పరిగెత్తింది.

"ఏందే ఇది, పోపు వాసనకే కడుపుల దేవినట్టయితుంది."

"చెప్పాగా. మామూలే."

"నాలుగో నెలల గూడనా?"

"నాకు ఐదో నెలలో అయింది" అన్నాను.

చూశారా, నెలతో సహా. అబద్ధానికి ఒక నంబర్ తగిలిస్తే నమ్ముతారు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఒక చిప్ కంపెనీలో అప్పుడు నా ఉద్యోగమే ఉత్తుత్తి టెస్ట్ డేటా తయారు చేయడం, చేయి తిరిగింది.

జూన్ ఒకటిన రీఫిల్‌కి వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది. "వాంతులైతున్నయ్ అని చెప్పనా?"

"చెప్పావంటే మళ్ళీ ఒకటో నెల. ఇంటర్న్‌షిప్ మధ్యలో హోల్డ్ పడితే ఏం చేస్తావ్?"

చెప్పలేదు. నో, నో, నో అని వచ్చేసింది. నాలుగో తారీఖు శనివారం అద్దం ముందు నిలబడి, "కళ్ళు పచ్చగైనయ్ సూడు" అంది. చూశాను. పచ్చగానే ఉన్నాయి. "బాత్రూమ్‌లో బల్బు పచ్చదే తల్లీ" అన్నాను. అది నవ్వింది. మర్నాడు పార్కింగ్ లాట్‌లో ఎర్రటి ఎండలో కూడా పచ్చగానే ఉన్నాయి. అక్కడ నాకు బల్బు దొరకలేదు, తల తిప్పుకున్నాను. అది మాత్రం ఒక్క రోజు కూడా టాబ్లెట్ మానలేదు.

పద్నాలుగో తారీఖు మంగళవారం నీరసంగా ఉందని ఆఫీస్ మానేసింది. లంచ్‌కి నేను ఇంటికొచ్చేసరికి మైక్రోవేవ్ ముందు నిలబడి ఎనిమిది నంబర్ నొక్కుతోంది. తలుపు తెరవడం, మూయడం, ఎనిమిది నొక్కడం.

"లిఫ్ట్ వస్తలేదే. ఎనిమిదో ఫ్లోర్‌ల మీటింగున్నది."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. అది మళ్ళీ ఎనిమిది నొక్కి, నా వైపు తిరిగి, "మీరు ఎన్నో ఫ్లోర్ మేడమ్?" అంది.

వినీత్ పది నిమిషాల్లో వచ్చాడు. బయట నూట పది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. వెనక సీట్లో అది నా ఒళ్ళో తల పెట్టుకుని హైదరాబాద్ సిటీ బస్ నంబర్లు గొణుగుతోంది. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీ వాళ్ళు రక్తం తీసి, గంటలో అంబులెన్స్ ఎక్కించి ఫీనిక్స్‌లో పెద్ద హాస్పిటల్‌కి పంపేశారు. సాయంత్రానికి దానికి పిలిస్తే పలకడం కూడా పోయింది. గొంతులో ట్యూబ్ వేశారు.

బుధవారం పొద్దున ఐసీయూ బయట నా దగ్గరికి వచ్చిన డాక్టర్ పేరు అనిక. మాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే, తెలుగు మాత్రం వాళ్ళ అమ్మమ్మది. నా ఐడీ కార్డ్ మీద పేరు చూసి తెలుగులోకి దిగింది.

"నువ్వు కూర్చో. నేను చెప్తా నీకు. ఆ టీబీ మెడిసిన్ ఉంది కదా, అది లివర్‌ని హర్ట్ చేశాడు. లివర్ పని చేయట్లేదు. బ్లడ్‌లో అమ్మోనియా ఎక్కువైంది. సో, బ్రెయిన్ వాపు వస్తున్నాడు."

ఇంకో రోజైతే ఆ వస్తున్నాడుకి నవ్వేదాన్ని.

"వామిటింగ్ ఎప్పుడు స్టార్ట్ అయింది? కళ్ళు ఎల్లో ఎప్పుడు అయింది?"

నిజం చెప్తే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు? దానికి జవాబు నేనే.

"ఫ్రైడే" అన్నాను. "రెండూ ఫ్రైడేనే."

రాసుకుంది. నాలుగు రోజులు అని.

తర్వాత లోపలికి తీసుకెళ్ళి చూపించింది. దేదీప్య ఛాతీకీ తొడలకీ నీలంరంగు ప్యాడ్లు చుట్టారు. వాటిలోంచి చల్లటి నీళ్ళు గొట్టాల్లో తిరుగుతున్నాయి. మంచం పక్కన ఫ్రిజ్‌లా గుర్రుగుర్రుమంటున్న మెషీన్ మీద ఎర్రంకెలు: 33.4. ఒంటిని ముప్ఫై మూడుకి దించి అక్కడే ఆపుతారట. మెదడు చల్లబడితే దాని ఆకలి తగ్గుతుంది, వాపు తగ్గుతుంది.

"అంటే చల్లబరిస్తే లివర్ బాగవుతుందా?"

"నో. ఇది బ్రెయిన్‌కి టైమ్ కొనడం, అంతే. ఇది వర్క్ అవుతుందని పక్కాగా ఎవరూ ప్రూవ్ చేయలేదు. కొన్ని హాస్పిటల్స్ చేస్తాయి, కొన్ని చేయవు. బ్లీడింగ్ రిస్క్ ఉంది, ఇన్ఫెక్షన్ రిస్క్ ఉంది." కొంచెం ఆగి, "కానీ మనకి టైమ్ కావాలి" అంది.

మధ్యాహ్నానికి దేదీప్య మేనమామ ధర్మారావు గారు మిషిగన్ నుంచి వచ్చారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాతికేళ్ళుగా ఉంటున్నారు, కార్ల కంపెనీలకి రేడియేటర్లు డిజైన్ చేస్తారు. ఎయిర్‌పోర్ట్ నుంచి సరాసరి వచ్చినట్టున్నారు, చేతిలో చిన్న బ్యాగ్, భుజం మీద ఎవరో బలవంతాన వేసినట్టున్న శాలువా. మెషీన్ వెనక్కి వెళ్ళి గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతున్నాయో వంగి చూశారు.

"ఇది మా రేడియేటరే గద బిడ్డా. పంపు, కూలంట్, థర్మోస్టాట్." అని, మేనకోడలి చెంప మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. "గింత సల్లగున్నదేంది? ముప్ఫై మూడంటే ఫారెన్‌హీట్‌ల తొంభై ఒకటే. సలి పెడుతలేదా దీనికి?" శాలువా తీసి దాని మీద కప్పబోయారు.

నర్స్ బ్రెండా ఒక్క అంగలో వచ్చి శాలువా పట్టుకుంది. ఒంటి మీద వద్దంది. కానీ కాళ్ళూ చేతులూ మాత్రం వెచ్చగా ఉండాలట. అవి వెచ్చగా ఉంటే ఒంటికి వణకాలనిపించదు. వణికితే మళ్ళీ వేడి పుట్టి అంతా మొదటికొస్తుంది. చేతులకి తొడుగులు వేశాం, కాళ్ళకి సాక్స్ వేశాం, మీలో ఎవరైనా పాదాలు పట్టుకుని కూర్చుంటే ఇంకా మంచిది, అంది.

ధర్మారావు గారు మంచం కాళ్ళవైపు వెళ్ళి, రెండు చేతులూ చాపి, ఆగిపోయారు.

"పెద్దోళ్ళు చిన్నోళ్ళ కాళ్ళు ముడితే చిన్నోళ్ళకి ఆయుష్షు తగ్గుతదని మా అమ్మ అంటుండె." ఇబ్బందిగా నా వైపు చూశారు. "నాకు నమ్మకం లేదనుకో. కని ఇయ్యాల ఎందుకు... నువ్వు దీనికంటె సిన్నదానివా?"

"ఏడాది చిన్న, అంకుల్."

"అయితె నువ్వు పట్టుకో బిడ్డా."

పట్టుకున్నాను. బూడిదరంగు హాస్పిటల్ సాక్స్‌లో దాని పాదాలు. రెండు గంటలు అలాగే కూర్చున్నాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి హన్మకొండకి ఫోన్ చేసి వాళ్ళ అక్కతో, అంటే దేదీప్య అమ్మతో, మాట్లాడుతున్నారు. అవతలి గొంతు ఐసీయూ చప్పుళ్ళలో కూడా వినిపిస్తోంది. "అమెరికా వోయినంక పసిరికలేంది తమ్మీ? నేలుసిరి పసరు దొరుకుతదా ఆడ?" అని కామెర్ల నాటుమందు గురించి అడుగుతోంది ఆవిడ. దొరకదక్కా, అవసరం కూడా లేదు అని ఈయన.

మూడున్నరకి అనిక వచ్చింది. ఈసారి చేతిలో కాగితాలున్నాయి. ధర్మారావు గారికి ఇంగ్లిష్‌లో, నాకు తన తెలుగులో, రెండు సార్లు చెప్పింది. జబ్బు ఉన్నట్టుండి వచ్చి నాలుగైదు రోజుల్లో మెదడు దాకా వెళ్ళినదైతే లివర్ తనంతట తను కోలుకునే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు చల్లబరిచి, మెదడుని కాపాడి, రెండు మూడు రోజులు చూడొచ్చు. వారాల తరబడి మెల్లగా ముదిరినదైతే ఇక ఆ లివర్ తిరిగి రావడం కష్టం. ఇవాళే ట్రాన్స్‌ప్లాంట్ లిస్ట్‌లో మొదటి వరసలో పెట్టాలి. ఐదింటికి టీమ్ మీటింగ్.

"నీ ఫ్రెండ్‌కి నాలుగు రోజులే కదా. సో, వెయిట్ చేద్దామని చాలామంది అంటున్నారు." కాగితం వైపు మళ్ళీ చూసింది. "బట్ ఈ బిలిరుబిన్, అదే కళ్ళు ఎల్లో చేసేది, ఆ నంబర్ నాలుగు రోజుల పేషెంట్‌లా లేదు. నాకు అర్థం కావట్లేదు."

ఆవిడ వెళ్ళగానే ధర్మారావు గారు మళ్ళీ ఫోన్ తీశారు. "అక్కా, మంచి మాట. దానంతటదే మంచిగయితదంటున్నరు. కోసుడు గీసుడు అవసరం పడదు. రెండు దినాలు ఆగుదమంటున్నరు."

అవతల ఆవిడ ఏడ్చింది. సంతోషంతో.

ఆ సంతోషం నేను చెప్పిన ఫ్రైడే మీద నిలబడి ఉంది. గోడ మీద గడియారం నాలుగు దాటింది. నేను ఇంకో గంట నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. దేదీప్యకి కూడా. ఎలాగూ అది బాగవుతుందేమో, వాళ్ళు డాక్టర్లు కదా, ఆ నంబర్ చూసి వాళ్ళే కనిపెడతారేమో అని కూడా అనుకున్నాను. నా చేతుల్లో దాని కుడి పాదం ఒక్కసారి సన్నగా వణికింది. బ్రెండా వచ్చి దవడ తాకి చూసి, డ్రిప్‌లో ఏదో పెంచి వెళ్ళింది.

"అంకుల్, ఫోన్ పెట్టేయండి" అన్నాను.

"ఏమైంది?"

"ఫ్రైడే కాదు."

ఆయనకి అర్థం కాలేదు. నేను బ్రెండాని పిలిచి డాక్టర్ అనిక కావాలి, ఇప్పుడే కావాలి అన్నాను. అనిక వచ్చాక ఇద్దరికీ కలిపి చెప్పాను. తెలుగులోనే చెప్పాను, ఇంగ్లిష్‌లో అయితే మర్యాదగా వచ్చేస్తుందేమోనని భయమేసింది. వాంతులు మే ఇరవై మూడున. కళ్ళు జూన్ నాలుగున. ఆఖరి టాబ్లెట్ మొన్న సోమవారం. మధ్యలో హెల్త్ సెంటర్‌కి వెళ్ళింది, నేను చెప్పొద్దంటే చెప్పలేదు. నాకూ ఇలాగే అయిందని నమ్మించాను. నాకేమీ అవలేదు, ఎనిమిది తప్ప నేనసలు వేసుకోలేదు.

అనిక తిట్టలేదు. నా కళ్ళలోకి కూడా చూడలేదు. "జూన్ ఫోర్త్. ష్యూర్ కదా నువ్వు?" అని ఒక్కసారి అడిగి, చెయ్యి మీద పెన్నుతో రాసుకుని, దాదాపు పరిగెత్తుతూ వెళ్ళింది. ఐదింటి దాకా ఆగలేదు. నాలుగు ముప్పావుకల్లా బ్రెండా వచ్చి లిస్ట్‌కి పంపుతున్నారని చెప్పింది.

పాతికేళ్ళ అమెరికా తర్వాత కూడా ధర్మారావు గారి చేతిలో అరచెయ్యంత పాత ఫ్లిప్ ఫోన్ ఉంది, దాన్ని తెరుస్తూ మూస్తూ ఉన్నారు. తర్వాత మంచం దగ్గరికి వచ్చారు.

"లే" అన్నారు. బిడ్డా అనలేదు.

లేచాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో దాని పాదాలు పట్టుకుని తల వంచుకున్నారు.

బయట వెయిటింగ్ రూమ్‌లో వినీత్ చిప్స్ ప్యాకెట్ పట్టుకుని ఉన్నాడు. అంతా విన్నాక, "నేను కూడా వేసుకోలేదుగా ఉజ్వలా, నాకేం కాలేదు" అన్నాడు.

"వేసుకుంటే కదరా అయ్యేది."

వాడు చిప్స్ నా వైపు జరిపాడు. తిన్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, మొత్తం తిన్నాను.

లివర్ శుక్రవారం పొద్దున వచ్చింది. ఎవరిదో మాకు చెప్పలేదు. అప్పటిదాకా దేదీప్యని ముప్ఫై మూడులోనే ఉంచారు, ఆపరేషన్ అయ్యాక గంటకి పావు డిగ్రీ చొప్పున పైకి తెచ్చారు. శనివారం నేను అద్దం బయటి నుంచి ఆ ఎర్రంకెలు చూస్తూ కూర్చున్నాను. ముప్ఫై నాలుగు. ముప్ఫై నాలుగుంపావు. ప్రోగ్రెస్ బార్ చూడటం నాకు అలవాటే, కానీ ఇంత మెల్లగా కదిలేదాన్ని ఎప్పుడూ చూడలేదు. చల్లబరచడం వల్లే మెదడు నిలబడిందా అని అనికని అడిగితే, "తెలీదు. అది లేకుండా ఏమయ్యేదో చూడలేం కదా మనం" అంది.

పది రోజుల తర్వాత దేదీప్యకి చెప్పాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఐదో నెలల నీకు గూడ అయిందన్నవ్."

"అబద్ధం."

"ఎన్ని ఏసుకున్నవ్ అసలు?"

"ఎనిమిది."

పైకప్పు వైపు చూస్తూ వేళ్ళ మీద ఏదో లెక్కేసింది. "నేను నూట ముప్ఫై రెండు" అంది. తర్వాత, "నువ్వు పో ఇగ. నిద్రొస్తుంది" అంది. నిద్ర రాలేదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టులో మేనమామ దాన్ని మిషిగన్ తీసుకెళ్ళిపోయారు. దాని సామాను నేనే ప్యాక్ చేశాను. అప్పట్నుంచి ఒక్క మెయిల్ వచ్చింది, ట్రాన్స్‌క్రిప్ట్ ఏ అడ్రస్‌కి వచ్చిందని. ఇది రాస్తున్న 2014లో అది డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తోందట. వినీత్ చెప్పాడు. నేను ఇంకా చాండ్లర్‌లోనే, అదే కంపెనీ.

ఇంకో ముక్క ఉంది. 2011 సెప్టెంబర్‌లోనే నేను హెల్త్ సెంటర్‌కి వెళ్ళి నా సర్టిఫికెట్ అబద్ధమని చెప్పాను. నర్స్ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వాంతులని చెప్తే మళ్ళీ మొదటి నుంచి పెడతారట కదా అని అడిగాను. ఆవిడకి అర్థం కాక రెండోసారి చెప్పించుకుంది. వాంతులంటే అదే రోజు మందు ఆపేసి రక్తం చూస్తామంది. హోల్డ్ ఉండదు, మందు ఎందుకు ఆపారో ఒక ఉత్తరం రాసిస్తారట, అంతే. ఆ మాట ఎవరు చెప్పారని అడిగింది. ఎవరు చెప్పారని చెప్పను? నాకు వినీత్, వినీత్‌కి ఇంకెవరో సీనియర్, ఆయనకి ఇంకెవరో.

నాకు వేరే మందిచ్చారు, నాలుగు నెలలది, నెలనెలా లివర్ టెస్ట్‌తో. అన్నీ వేసుకున్నాను. నాకేమీ కాలేదు. అది చాలా అన్యాయంగా అనిపించింది.

అలసిపోయాను ఈ కథతో ఒక్కదాన్నే ఉండి. అందుకని అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా, చేయని పనిని చేసినట్టు చెప్పి ఎవరికైనా ధైర్యం చెప్పారా? ఎవరి మాటో నమ్మి, డాక్టర్ అడిగినప్పుడు ఒంట్లో బాగానే ఉందని చెప్పి వచ్చేశారా? దాని వల్ల ఏమైనా అయినా, ఏమీ కాకపోయినా, నాకు రాయండి. పేరు పెట్టక్కర్లేదు. చిన్నదైనా సరే, మధ్యలో ఆగిపోయినదైనా సరే.